గుప్పిట్లో ఎన్ని గింజలు?

1991లో రష్యాలోని యెకటెరిన్‌బర్గ్ దగ్గర అడవిలో ఒక గోతిని తవ్వి తొమ్మిది మంది ఎముకలు బయటికి తీశారు. 1918లో బోల్షివిక్కులు కాల్చి చంపిన చివరి జార్ రెండో నికొలస్, ఆయన భార్య, పిల్లలు, వాళ్లతో పాటు చనిపోయిన పరిచారకులవే ఆ ఎముకలని అనుమానం. తేల్చుకోవడానికి బ్రిటన్‌లో పీటర్ గిల్, రష్యా నుంచి వెళ్లిన పావెల్ ఇవనోవ్ మైటోకాండ్రియా డీఎన్ఏను పరీక్షించారు. మైటోకాండ్రియా తల్లి నుంచే బిడ్డకు వస్తాయి. అందుకే జార్ భార్య అలెగ్జాండ్రా అక్క వంశంలో పుట్టిన ప్రిన్స్ ఫిలిప్ ఇచ్చిన రక్తంతో పోల్చి చూడగానే ఆమె ఎముకలను ఇట్టే గుర్తుపట్టగలిగారు.

జార్ దగ్గరే చిక్కొచ్చి పడింది. మైటోకాండ్రియా డీఎన్ఏలో 16,169వ అక్షరం దగ్గర, బతికి ఉన్న తల్లివైపు బంధువుల్లో ‘టి’ ఉంది. జార్ ఎముకలో ‘సి’, ‘టి’ రెండూ కలిసి కనిపించాయి. నమూనా కలుషితమైందని కొందరు వాదించారు. దాంతో 1899లోనే క్షయతో పోయిన జార్ తమ్ముడు జార్జి సమాధిని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తెరిచారు. తమ్ముడి ఎముకలోనూ అదే మిశ్రమం! 1996లో ఆ ఫలితం అచ్చయ్యాక అనుమానం తీరింది. అన్నదమ్ములిద్దరికీ తల్లి ఇచ్చిన మిశ్రమం అది.

చరిత్రకారులకు కథ అక్కడితో ముగిసింది. నాకు మాత్రం అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అన్నదమ్ముల ఒంట్లో అంత స్పష్టంగా ఉన్న రెండక్షరాల మిశ్రమం, కొన్ని తరాలు తిరిగేసరికి బంధువుల్లో ఆనవాలు లేకుండా ఎలా పోయింది? ‘సి’లో చెడు ఏమీ లేదు, ‘టి’లో గొప్ప ఏమీ లేదు. ప్రకృతి ఎంపిక చేయడానికి అక్కడ మేలూ కీడూ లేవు. ఉన్నదల్లా యాదృచ్ఛికత. ఆ యాదృచ్ఛికతకు లెక్క కట్టే గణితం గత అరవై డెబ్బై ఏళ్లలో చాలా దూరం వచ్చింది. ఈ రోజు కొందరు తల్లులకు వైద్యులు ఇచ్చే సలహా దాని మీదే ఆధారపడి ఉంది.

మైటోకాండ్రియా అనగానే ‘కణానికి శక్తి కేంద్రం’ అని బడిలో బట్టీ పట్టిన మాట అందరికీ గుర్తొస్తుంది. తిన్న తిండిలోని శక్తిని అవి ఏటీపీ అనే అణువు రూపంలోకి మారుస్తాయి. ఆ ఏటీపీని 1929లో కనుగొన్నవాళ్లలో జర్మనీలో కార్ల్ లోమాన్ ఒకరైతే, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేసిన మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు మరొకరు. ఇక డీఎన్ఏ సంగతి. కేంద్రకంలో ఉన్న డీఎన్ఏ కాక, మైటోకాండ్రియాకు తమదంటూ ఒక చిన్న డీఎన్ఏ ఉంది. గుండ్రటి గాజులాంటిది. మనిషిలో దాని పొడవు 16,569 అక్షరాలు, అందులో 37 జన్యువులు. 1981లో కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ సాంగర్ ప్రయోగశాల దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది.

కేంద్రకంలోని ప్రతి జన్యువుకూ రెండే ప్రతులు, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. కణం విభజన చెందేటప్పుడు వాటిని సరిగ్గా పంచడానికి పెద్ద యంత్రాంగమే ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏకు అలాంటి కట్టుదిట్టం ఏదీ లేదు. ఒక్కో కణంలో దాని ప్రతులు వందల్లో, వేలల్లో ఉంటాయి. కణం రెండుగా చీలినప్పుడు ఎటు పక్క ఉన్నవి అటు పోతాయి. పైగా అవి కణ విభజన కోసం కాచుకుని కూర్చోవు. కొన్ని నశిస్తుంటాయి, కొన్ని తమకు తాము నకలు తీసుకుంటుంటాయి. ఏది నశించాలో, ఏది పెరగాలో నిర్ణయించే పెద్దమనిషి ఎవరూ లేరు.

ముందు పంపకం సంగతే చూద్దాం. కణంలో వంద మైటోకాండ్రియాలు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికీ బొమ్మా బొరుసూ వేసి ఎడమ బిడ్డకో కుడి బిడ్డకో ఇచ్చాం. సగటున ఒక్కొక్కరికి యాభై రావాలి. కానీ సరిగ్గా యాభై యాభై రావడం అరుదు. సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలతను క్రమ విచలనం అంటారు. ఈ పంపకంలో అది మొత్తం సంఖ్య వర్గమూలంలో సగం, అంటే వందకు 5. యాభైకి అయిదు, పది శాతం తేడా. అదే పది మైటోకాండ్రియాలే ఉంటే సగటు 5, విచలనం దాదాపు 1.6. అంటే ముప్పై శాతం పైగా తేడా. సంఖ్య తగ్గేకొద్దీ అదృష్టం పెత్తనం పెరుగుతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా వ్యాసమంతా దాని కొనసాగింపే.

ఈ తేడా వల్ల కణానికి ఒరిగేదేమిటి? 2002లో మైకేల్ ఎలోవిట్జ్ బృందం ఒక చక్కటి ప్రయోగం చేసింది. ఒకే బాక్టీరియాలో రెండు రంగుల్లో మెరిసే రెండు జన్యువులను పెట్టింది. ఒకే రకమైన స్విచ్ ఉన్నా రెండు రంగులూ సమానంగా వెలగలేదు. ఒకే కణంలో ఆ రెంటి మధ్య వచ్చే తేడా ఆ జన్యువుల సొంత గందరగోళం. రెండూ కలిసి ఒక కణంలో ఎక్కువగా, పక్క కణంలో తక్కువగా వెలిగితే, దానికి కారణం కణం మొత్తానికి చెందిన మరేదో అయి ఉండాలి. ఆ ‘మరేదో’ ఏమిటన్నది చాలాకాలం తేలలేదు. 2010లో ఫ్రాన్సిస్కో ఇబోర్రా బృందం మనిషి కణాల్లో దానికి ఒక జవాబు చూపించింది. జన్యువులను చదివే వేగం ఒక కణం నుంచి మరో కణానికి మారడానికి ఒక పెద్ద కారణం, వాటి మైటోకాండ్రియాల్లో ఉన్న తేడాలే. చదవడానికి ఏటీపీ కావాలి కదా. రెండేళ్ల తర్వాత ఇయాన్ జాన్స్టన్, నిక్ జోన్స్ అదే బృందంతో కలిసి దానికొక గణిత నమూనా కట్టారు. కణం పుట్టేటప్పుడు ఎన్ని మైటోకాండ్రియాలు వచ్చాయి, అవి ఎంత బాగా పనిచేస్తున్నాయి అనే రెండే విషయాల నుంచి, కణం పెరిగే వేగం, దాని జన్యువులు పలికే జోరు, మళ్లీ విభజన చెందడానికి పట్టే కాలం రాబట్టవచ్చని చూపారు. ఒకే జన్యు సంపదతో, ఒకే గిన్నెలో పెరిగే కవల కణాలు పుట్టిన క్షణం నుంచే వేర్వేరు దారులు పట్టడానికి ఆ పంపకం చాలు.

ఇంతవరకు ఎన్ని వచ్చాయన్నదే చూశాం. ఏవి వచ్చాయన్నది ఇంకా లోతైన సంగతి.

1988లో రెండు ఆవిష్కరణలు వెంట వెంట వచ్చాయి. లండన్‌లో ఇయాన్ హోల్ట్, అనిటా హార్డింగ్, జాన్ మోర్గన్-హ్యూస్ కండరాల జబ్బు ఉన్నవాళ్ల మైటోకాండ్రియా డీఎన్ఏలో పెద్ద ముక్కలు ఊడిపోవడం చూశారు. అమెరికాలో డగ్లస్ వాలెస్ బృందం, యువకులకు ఉన్నట్టుండి చూపు పోయే లీబర్ జబ్బుకు ఒక్క అక్షరం మార్పును కారణంగా చూపింది. మైటోకాండ్రియా డీఎన్ఏలో తప్పు వల్ల మనుషులకు జబ్బు రావచ్చని అప్పుడు రుజువైంది. అయితే ఇలాంటి చాలా జబ్బుల్లో మనిషి ఒంట్లో మంచి ప్రతులూ చెడ్డ ప్రతులూ కలిసే ఉంటాయి, చేటలో పోసిన మినుములూ పెసలూ లాగా. చెడ్డవి ఒక హద్దు లోపల ఉన్నంతకాలం మంచివి ఇల్లు నడిపేస్తాయి. హద్దు దాటాక కణం కుదేలవుతుంది. ఆ హద్దు జబ్బును బట్టీ అవయవాన్ని బట్టీ 60 నుంచి 90 శాతం దాకా ఉంటుంది. 8,993వ స్థానంలో ‘టి’ బదులు ‘జి’ వచ్చిన మార్పునే తీసుకోండి. చెడ్డవి 60 శాతం లోపు ఉంటే మనిషి తరచుగా మామూలుగానే ఉంటాడు. అది దాటితే నరాలు బలహీనపడి, నడక తూలి, చూపు మందగించే జబ్బు. 90 దాటితే పసితనంలోనే ప్రాణాంతకమయ్యే లీ సిండ్రోమ్. ఒకే అక్షరం, ఒకే తప్పు. తేడా అంతా శాతంలోనే.

ఆ శాతాన్ని బిడ్డకు ఎవరు నిర్ణయిస్తారు?

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటాం. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో విలియం హాస్విర్త్, ఫిలిప్ లైపిస్ 1982లో ప్రచురించిన పరిశోధనలో దూడలు గట్టునే మేశాయి. పాడి కోసం పెంచే హోల్‌స్టీన్ ఆవుల్లో, ఏ తల్లికి ఏ దూడ పుట్టిందో పుస్తకాల్లో రాసి ఉన్న ఒక తల్లి వంశాన్ని తీసుకుని మైటోకాండ్రియా డీఎన్ఏ చూశారు. కొద్ది తరాల్లోనే ఒక రకం నుంచి మరో రకానికి పూర్తిగా మారిపోయిన శాఖలు కనిపించాయి. అండంలో లక్షకు పైగా ప్రతులు ఉంటాయి. లక్ష గింజల్లోంచి లక్ష గింజలు తీసుకుంటే మిశ్రమం అంత త్వరగా మారదు. అంటే మధ్యలో ఎక్కడో చాలా ఇరుకైన గుమ్మం ఉండాలి. చేటలోంచి గుప్పెడు గింజలే తీసి, ఆ గుప్పెడునే మళ్లీ విత్తి చేట నింపినట్టు జరిగి ఉండాలి. శాస్త్రవేత్తలు దీన్ని సీసా మెడ అంటారు.

గుప్పిట్లో ఎన్ని గింజలు? అక్కడే గణితం అవసరమైంది. గర్భంలో ఆడపిండం ఎదుగుతున్నప్పుడు రేపటి అండాలు కాబోయే కణాల్లోంచి గింజలు లెక్కపెట్టడం దుర్లభం. కానీ గుప్పిట చిన్నదైతే గుప్పిటకూ గుప్పిటకూ తేడా ఎక్కువ, పెద్దదైతే తక్కువ. కాబట్టి తేడాను కొలిస్తే గుప్పిట పరిమాణం వెనక్కి రాబట్టవచ్చు. 1996లో మాంట్రియల్‌లో ఎరిక్ షూబ్రిడ్జ్ బృందం చేసింది అదే. రెండు రకాల మైటోకాండ్రియా డీఎన్ఏలు కలిసి ఉన్న ఎలుకలను పుట్టించి, వాటి పిల్లల్లో, అండాల్లో శాతాలు కొలిచి, స్యువల్ రైట్ సిద్ధాంతం నుంచి వచ్చిన ఒక సూత్రంలో పెట్టారు. సూత్రం తేలికైనదే. గుప్పిట్లో 200 గింజలుంటే, ప్రతి విభజనలోనూ మిశ్రమం తన ‘కలగలుపుతనం’లో రెండు వందల్లో ఒక వంతు పోగొట్టుకుంటుంది. ఎలుకలో అండం తయారయ్యేలోపు ఇలాంటి విభజనలు 15. లెక్క వేస్తే మొత్తం ఏడు శాతం దాకా పోతుంది.

ఏడు శాతమేగా అనిపిస్తుంది. తల్లిలో చెడ్డవి సరిగ్గా సగం ఉన్నాయనుకుని దాన్ని విచలనంలోకి మార్చి చూడండి: 13 శాతం అటూ ఇటూ. అంటే తల్లి 50 అయినా, మూడింట రెండు వంతుల అండాలు 37, 63 మధ్య ఎక్కడైనా ఉంటాయి. నాలుగింట ఒకటి దాదాపుగా 60 దాటుతుంది. ఎలుక అంకెలు మనిషికి యథాతథంగా అతకవు. లెక్క కట్టే దారి మాత్రం ఇదే. తోడబుట్టిన ఇద్దరిలో ఒకరు ఆరోగ్యంగా ఉండి, మరొకరు తీవ్రమైన జబ్బుతో పుట్టడానికి ఎవరి పాపమూ, ఏ తల్లి చేసిన పొరపాటూ కారణం కానక్కరలేదు. గర్భం మోస్తూ ఏం తిన్నావు, ఏ గ్రహణం చూశావు అని నిందలు మోసిన తల్లులను తలుచుకుంటే, ఈ లెక్క ఇంకా ముందే అందరికీ తెలిసి ఉంటే ఎంత బాగుండేదనిపిస్తుంది.

ఈ సూత్రం ఎంత తేడా వస్తుందో చెబుతుంది గానీ, ఆ తేడా ఏ ఆకారంలో ఉంటుందో చెప్పదు. గంట ఆకారపు గీత గీస్తే ఒక అసంబద్ధత ఎదురవుతుంది. తల్లిలో 5 శాతమే ఉన్నప్పుడు, గంట తోక సున్నా కిందికి దిగిపోతుంది. మైనస్ మూడు శాతం చెడ్డ డీఎన్ఏ అంటూ ఏదీ ఉండదు కదా. దీనికి జవాబు ఎప్పుడో తయారై ఉంది. 1955లో మోటో కిమురా అనే జపాన్ యువకుడు అమెరికాలో చదువుకుంటూ, జనాభాలో ఒక జన్యువు శాతం కేవలం అదృష్టం మీద ఎలా కొట్టుకుపోతుందన్న ప్రశ్నను, లోహపు కడ్డీలో వేడి పాకినట్టుగా చూసి పూర్తిగా పరిష్కరించాడు. ఆయన పరిష్కారంలో రెండు చివరలూ గోతుల్లాంటివి. శాతం ఒకసారి సున్నాలోనో వందలోనో పడితే మళ్లీ పైకి రాదు. 2008లో పస్సోర్న్ వొన్నపినిజ్, పాట్రిక్ చిన్నరీ, డేవిడ్ శామ్యూల్స్ ఆ కిమురా గీతనే మైటోకాండ్రియాకు అన్వయించారు. మనుషుల్లో, ఎలుకల్లో, ఈగల్లో అప్పటికే కొలిచి పెట్టిన శాతాలకు అది చక్కగా సరిపోయింది. జార్ వంశంలో ‘సి’ పడిపోయింది ఆ సున్నా గోతిలోనే. హైదరాబాద్ సీసీఎంబీలో కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్ 2005లో అండమాన్‌లోని ఓంగే తెగవాళ్ల మైటోకాండ్రియా డీఎన్ఏ చదివి వాళ్ల పురాతన వంశాన్ని గుర్తించగలిగారంటే, అందుకు ఆధారమైన అక్షరాలూ ఎప్పుడో ఎవరో ఒక తల్లిలో మిశ్రమంగా మొదలై, వంద గోతిలో పడి స్థిరపడ్డవే.

గుప్పిట ఉందని తేలింది. అది ఎలా మూసుకుంటుందన్న దాని మీద మాత్రం పెద్ద రగడ జరిగింది. 2007, 2008ల్లో ఎలుకల మీద మూడు బృందాలు మూడు మాటలు చెప్పాయి. మొదటి బృందం, అండ మూలకణాల్లో ప్రతుల సంఖ్య అంతగా తగ్గనే తగ్గదంది. రెండోది, తగ్గుతుంది, దాదాపు 200కి పడిపోతుంది, తేడాకు ముఖ్య కారణం అదేనంది. మూడోది, సంఖ్య తగ్గినా తేడా పుట్టేది అప్పుడు కాదు, పిల్ల పుట్టాక అండాలు ముదిరేటప్పుడు కొన్ని ప్రతులే నకలు తీసుకోవడం వల్ల అంది. అందరి కొలతలూ నిజమైనవే. ఎవరి మాట నమ్మాలి?

2015లో జాన్స్టన్, జోన్స్, వియన్నాకు చెందిన యోర్గ్ బుర్గ్‌స్టాలర్ తదితరులు దీన్ని పరిష్కరించిన తీరు నాకు చాలా ఇష్టం. ఏదో ఒక పక్షం వహించకుండా, మూడు వాదనలూ తమలో ఇమిడిపోయే ఒకే పెద్ద నమూనా రాశారు. అందులో ప్రతి డీఎన్ఏ ప్రతికీ కొంత సంభావ్యతతో పుట్టుక, కొంత సంభావ్యతతో చావు, కణం చీలినప్పుడు బొమ్మా బొరుసూ. ఇలాంటి వ్యవస్థను కంప్యూటర్‌లో నడిపే పద్ధతి 1970ల్లోనే డాన్ గిలెస్పీ కనిపెట్టి పెట్టాడు. తర్వాతి సంఘటన ఎప్పుడు జరుగుతుందో ఒక పాచిక వేసి, ఏ సంఘటనో మరో పాచిక వేసి, అలా ఒక్కో అడుగూ ముందుకు వెళ్లడం. లక్షల సార్లు పాచికలు వేసి, వచ్చిన ఫలితాలను అన్ని బృందాల కొలతలతోనూ పోల్చి, ఏ వాదనకు ఎంత బలముందో బేస్ సూత్రంతో తూచారు. తేలింది ఏమిటంటే, సంఖ్య తగ్గడం నిజమే, విభజనలో పంపకం తేడా తెస్తుంది. కానీ ఆ తర్వాత కూడా ప్రతులు నశిస్తూ పుడుతూ ఉండే నిత్య వ్యవహారం ఆ తేడాను ఇంకా పెంచుతుంది. రెండూ కలిస్తేనే కొలతలకు సరిపోతుంది.

కణ విభజన లేకపోయినా ఈ నిత్య వ్యవహారం ఆగదు. ముసలితనంలో కండరం ముక్క తీసి రంగు వేస్తే, గోధుమ రంగు పోగుల మధ్య అక్కడక్కడ నీలం పోగులు కనిపిస్తాయి. ఆ నీలం పోగుల్లో శ్వాసక్రియకు కావలసిన ఒక ఎంజైమ్ పనిచేయడం లేదన్నమాట. విచిత్రమేమిటంటే ఒక్కో నీలం పోగులో ఒకే తప్పు నిండి ఉంటుంది, పక్క నీలం పోగులో మరో తప్పు. ఒక్క ప్రతిలో పుట్టిన తప్పు వేల ప్రతులను ఎలా ఆక్రమించింది? దానికేదో బలముండాలి అని అందరూ అనుకున్నారు. 2001లో బ్రిటన్‌లోని న్యూకాజిల్ బృందం, ఏ బలమూ అక్కరలేదు, డెబ్బై ఎనభై ఏళ్ల ఆయుష్షులో ఊరికే కొట్టుకుపోవడం చాలు అని కంప్యూటర్‌లో చూపించింది. కాగితం మీదే సరిచూసుకోవచ్చు. కణంలో వెయ్యి ప్రతులు, ఒక్కో ప్రతి సగటు ఆయుష్షు రెండు వారాలు అనుకుంటే, అదృష్టం కలిసొచ్చిన ఒక తప్పు కణమంతా నిండడానికి వెయ్యి ఆయుష్షుల కాలం, అంటే 40 ఏళ్లకు కాస్త తక్కువ పడుతుంది. మనిషికి సరిపోయింది. ఎలుక బతికేది రెండు మూడేళ్లే, అయినా ముసలి ఎలుకల్లోనూ ఇలాంటి పోగులు ఉన్నాయి! ఈ ఇబ్బందిని 2013లో యాక్సెల్ కోవాల్డ్, టామ్ కిర్క్‌వుడ్ ఎత్తి చూపారు. ఎలుకలో ఏదో అదనపు తోపు ఉండి తీరాలి. అది ఏమిటన్నదాని మీద వాదన నడుస్తూనే ఉంది. పొడవాటి కండర పోగులో చెడ్డ ప్రతులు కాస్త ఇరుకుగా సర్దుకుని బతకగలిగితే, ఏ పైచేయీ లేకుండానే అవి అలలా పాకిపోగలవని జోన్స్ బృందం 2022లో ఒక నమూనా ఇచ్చింది. నమూనా కొలతతో ఢీకొని విరిగిన చోటే కొత్త సంగతి దొరుకుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మళ్లీ తల్లుల దగ్గరికి వద్దాం. వైద్యుల దగ్గరున్న కుటుంబ వివరాలు పోగేస్తే, తల్లికంటే బిడ్డలో చెడ్డ శాతం ఎక్కువగా ఉన్నట్టు కనిపిస్తుంది. దాంతో తరతరానికీ జబ్బు ముదురుతుందనిపిస్తుంది. కానీ ఆ కుటుంబాలు ఆసుపత్రికి వచ్చిందే బిడ్డకు జబ్బు చేసినందుకు. తక్కువ శాతంతో పుట్టిన బిడ్డల తల్లులు ఆ గుమ్మం తొక్కరు. ఈ ఎంపికను లెక్కలోంచి తీసేయకుండా సలహా చెబితే, ఆ తల్లికి లేని భయాన్ని అంటగట్టినట్టే. అలాగే ‘సగటున మీ శాతమే బిడ్డకు వస్తుంది’ అని మాత్రమే చెప్పి ఊరుకుంటే, ఉన్న ప్రమాదాన్ని దాచినట్టు. ఆమెకు కావలసింది మొత్తం గీత. బిడ్డ హద్దుకు లోపల ఉండే అవకాశం ఎంత, బయట ఉండే అవకాశం ఎంత అన్నది.

2015లో బ్రిటన్ పార్లమెంటు మరో దారి తెరిచింది. తల్లి అండంలోని కేంద్రక పదార్థాన్ని, ఆరోగ్యవంతమైన మైటోకాండ్రియాలు ఉన్న మరో స్త్రీ అండంలోకి మార్చడానికి అనుమతి ఇచ్చింది. ఆ పద్ధతిలో ఎనిమిది మంది పిల్లలు పుట్టారని న్యూకాజిల్ వైద్యులు 2025 జులైలో ప్రకటించారు. మార్చేటప్పుడు తల్లి మైటోకాండ్రియాలు కొన్ని అంటుకుని వస్తాయి. ఆ పిల్లల్లో కొందరిలో అవి కొలతకు అందనంత తక్కువ, మరికొందరిలో ఉన్నా జబ్బు హద్దుకు చాలా దిగువన ఉన్నాయి. అయినా శాస్త్రవేత్తలు జాగ్రత్తగానే చూస్తున్నారు. ఇలా తయారైన మూలకణాలను 2016లో ప్రయోగశాలలో పెంచినప్పుడు, కొన్నింటిలో కొద్దిపాటి పాత మైటోకాండ్రియా డీఎన్ఏ కొట్టుకుంటూ కొట్టుకుంటూ మళ్లీ పైకి లేచింది. ఈ కారణంగానే అదే ఏడాది అమెరికా జాతీయ అకాడమీల నివేదిక, మొదట్లో మగ పిండాలనే ఎంచుకోవాలని సూచించింది. మగవాళ్ల నుంచి మైటోకాండ్రియాలు తర్వాతి తరానికి పోవు కాబట్టి. బ్రిటన్ ఆ షరతు పెట్టలేదు. ఆ ఎనిమిది మందిలో నలుగురు ఆడపిల్లలు. ఆడపిల్లకు అండాలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. ఒక్కో అండానికీ గుప్పెడు గింజలు తీయడం చాలావరకు, వాళ్లు పుట్టకముందే జరిగిపోయింది.